ఆవృత్తుల చరిత్ర – తప్పిపోయిన అక్షయ సంవత్సరము



నేను చరిత్ర చదివినవాడను. శాసనములతోను, శకవర్షములతోను జీవితము గడిపినవాడను. అట్టివాడు కంప్యూటరు లెక్కలను గూర్చి ప్రసంగించుట మీకు వింతగా తోచవచ్చును. కాని యీ విషయమున నేనొక గ్రామపు పెద్దలకు బాకీపడియున్నాను. ఆ బాకీ యెట్లు కలిగినదో చెప్పవలెనన్నచో, యంత్రముచేత ఒకే పనిని మరల మరల చేయించు పద్ధతి యెట్లు పుట్టినదో, దానిని వ్రాయుటలో మనుష్యులు ఏయే దారులు త్రొక్కిరో కొంత చెప్పక తప్పదు. ఓపికతో వినవలయునని ప్రార్థన.

నా నివాసము హైదరాబాదులోని తార్నాక. ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణము మాకు ఆనుకొనియే యున్నది. 1917లో నిజాము ప్రభువు ఫర్మానా యిచ్చుటయు, 1918లో విద్యాలయము వెలయుటయు, 1939లో ఆర్ట్సు కళాశాల రాతి భవనమునకు ప్రారంభోత్సవము జరుగుటయు మీలో పలువురు ఎరిగినదే. ఆ కాలమున చదువంతయు ఉర్దూలో సాగెడిది. మా పేట పేరును ఉర్దూపేరే. తార్ అనగా తీగ. నాకా అనగా దారిలో నిలిపి పరీక్షించు కాపలా చోటు. పూర్వము ఇచ్చట ఒక తోటకు తీగకంచె వేసి, కాపలా పెట్టినందున ఆ పేరు వచ్చినదని అందురు. ఈ నాకా అను మాట మీరు కొంచెము జ్ఞాపకముంచుకొనుడు. నా కథ యంతయు ఒక నాకా ఎచ్చట పెట్టవలెనన్న ప్రశ్నపైననే నిలిచియున్నది.

కంప్యూటరు బుద్ధిగలది కాదు. మనము వరుసగా వ్రాసి యిచ్చిన ఆజ్ఞలను తు.చ. తప్పక నెరవేర్చు పాలేరు వంటిది. ఆ ఆజ్ఞల జాబితాకే ప్రోగ్రాము అని పేరు. వేయి బస్తాలు కొలువవలసియున్నప్పుడు "కొలువుము" అని వేయి మారులు వ్రాయుట ఎవరి తరము? ఒక్క మారు వ్రాసి, "ఇదే పని మరల చేయుము" అని చెప్పుదురు. దీనిని ఇంగ్లీషువారు లూపు అందురు. ఆ మాటకు ఉచ్చు అనియు అర్థము గలదు. ఆ పేరు ఎంత తగినదో ముందు తెలియును. నేను దానిని ఆవృత్తి యని పిలిచెదను.

మరల చేయుమనుట సులభము. ఎప్పుడు ఆగవలెనో చెప్పుటయే కష్టము. మీరు ధాన్యము కొలుచునప్పుడు "లాభము, రెండు, మూడు" అని యెన్నుచు, ఇరువదియనగానే ఆపుదురు. అది ముందుగా లెక్క తెలిసిన ఆవృత్తి. జపమాలలో నూట యెనిమిది పూసలు త్రిప్పినట్లు. ఇక "గాదెలో గింజలున్నంతవరకు కొలువుము" అన్నచో అది వేరు. ఇందు లెక్క ముందుగా తెలియదు. ప్రతిసారియు కొలువకముందే గాదెలోనికి తొంగి చూడవలెను. గాదె మొదటనే ఖాళీయైనచో ఒక్క కుంచమైనను కొలువరు. నాకా వాకిటనే యున్నదన్నమాట. మూడవది పులుసు కాచుట వంటిది. "మరిగించి, రుచి చూచి, చాలకున్న మరల మరిగింపుము" అందురు. ఇందు నాకా నిష్క్రమించు చోట నున్నది. కావున ఎట్టి స్థితిలోనైనను ఒక్క మారు మరిగించుట తప్పదు. పులుసునకు అది మంచిదే. గాదె విషయమున ఆ పద్ధతి అవలంబించినచో, ఖాళీ గాదె నుండి లేని కుంచమునొకదానిని కొలిచి లెక్క వ్రాయుదుము. నవ్వవలదు, నేను చేసినది అదియే.

1977లో నేను పరిశోధక విద్యార్థిని. తెలుగు శాసనములలోని దానములు అరువది సంవత్సరములలో ఏ సంవత్సరమున ఎక్కువగా జరిగినవో తేల్చవలెనని నాకొక పట్టుదల కలిగెను. ఇప్పుడు తలచుకొన్నచో ఎవరికిని అంతగా అక్కరలేని ప్రశ్నయే. 1922లో స్వామికన్ను పిళ్ళగారు ప్రకటించిన గొప్ప పంచాంగ గ్రంథము ముందు పెట్టుకొని చేతితో లెక్కవేయవచ్చును. కాని శాసనములు వందలు. ఒక పరిశోధనాలయమున కంప్యూటరు ఉన్నదనియు, రాత్రివేళ కొంతసేపు పరులకు ఇత్తురనియు వింటిని. ఫోర్ట్రాను అను యంత్రభాష ఆరు వారములు నేర్చుకొంటిని. ఒక్కొక్క గ్రామమునకు ఒక్కొక్క అట్టముక్క. దానిపై ఎనుబది అక్షరముల చోటు. అందు మొదట ఆ యూరి శాసనముల సంఖ్య, పిమ్మట వరుసగా శకవర్షములు రంధ్రములుగా పొడిపించితిని. సంవత్సరనామము వ్రాయుటకు చోటు చాలలేదు. యంత్రమే ఆ పేరును కట్టునుగదా యని ధైర్యము.

పేరు కట్టు విధానము మీలో పంచాంగము చూచువారు ఎరిగినదే. శకవర్షమునకు 12 కలిపి, అరువదులు తీసివేయగా మిగిలినది ప్రభవాదిగా ఎన్నవలెను. కృష్ణదేవరాయలు గద్దెనెక్కిన 1509 క్రీస్తుశకమునకు శకవర్షము 1431. 12 కలుపగా 1443. ఇరువదినాలుగు అరువదులు పోగా మిగిలినది 3. ప్రభవ, విభవ, శుక్ల. అది శుక్ల సంవత్సరమే. నేను యంత్రమునకు వ్రాసిన ఆజ్ఞ యిది: "అరువది కంటె తక్కువ యగువరకు అరువది తీసివేయుచుండుము." శాసనము చెరిగిపోయి శకవర్షము తెలియనిచోట సున్న వ్రాయించి, దానిని ఈ తీసివేతలోనికి పోనీయక, చివరకు సున్నగానే పంపితిని. చివర "సున్న వచ్చినచో చెరిగిపోయినవాని కుప్పలో వేయుము" అని మరియొక ఆజ్ఞ.

పట్టిక అచ్చై వచ్చెను. యాబదితొమ్మిది సంవత్సరములకు దానములు గలవు. అరువదవదియగు అక్షయకు ఒక్కటియు లేదు. నా యానందమునకు మేర లేకపోయెను! ఆ సంవత్సరమునకు సంస్కృత గ్రంథములలో క్షయ అనియు పేరున్నది. పేరు అమంగళమగుటచే రాజులును, సామంతులును ఆ యేట దానములు మానుకొనిరని ఒక వ్యాసము వ్రాసి, ఒక పత్రికలో అచ్చు వేయించితిని. ప్రతి నొకదానిని మా తండ్రిగారికి పంపితిని. వారు నల్లగొండ జిల్లాలో పట్వారీగా పని చేసినవారు; పహాణీలు వ్రాసి వ్రాసి అంకెలపట్ల అనుమానము అలవడినవారు. వారు కార్డుముక్కపై నాలుగు పంక్తులు వ్రాసిరి. "నేను 1926లో అక్షయ సంవత్సరమున పుట్టితిని. నా నామకరణమునాడు మీ తాతగారు గుడికి మడిచెక్క యిచ్చిరి. కాగితము నా పెట్టెలో నున్నది. నీ యంత్రమునకు ఆ సంవత్సరము కనబడకపోవుట యేమి?"

రెండు దినములు నిద్రలేదు. మూడవనాడు వ్రేళ్ళపై లెక్క చూచుకొంటిని. రుద్రమదేవి పాలనాకాలమున శకము 1188, అనగా క్రీస్తుశకము 1266–67, అక్షయయే. 1188కి 12 కలుపగా 1200. నేను చెప్పిన ఆజ్ఞ ప్రకారము యంత్రము ఇరువది మారులు అరువదిని తీసి సున్న తెచ్చినది. సున్న వచ్చినదానిని చెరిగిపోయినవాని కుప్పలో వేయుమని నేనే చెప్పితిని, వేసినది. అక్షయ సంవత్సరపు శాసనము లన్నియు చెరిగిపోయిన రాళ్ళతో కలిసిపోయినవి. "అరువది కంటె ఎక్కువగా నున్నంతవరకు తీసివేయుము" అనియున్నచో పందొమ్మిదవ మారు అరువది మిగిలి, నాకావద్ద ఆగి, అక్షయ యని పేరు వచ్చియుండెడిది. "తక్కువ యగువరకు" అనుటకును "ఎక్కువగా నున్నంతవరకు" అనుటకును భేదమెంత? ఒక్క అంకె. ఆ యొక్క అంకెపై నేనొక సాంఘికాచారమును కట్టి నిలబెట్టితిని. వ్యాసమును ఉపసంహరించుకొనుచు ఒక లేఖ అచ్చు వేయించితిని. పెద్దవారు కొందరు నవ్విరి.

ఇట్టి తప్పు నా యొక్కనిదే కాదని ఓదార్చుకొనుటకు తరువాత చాల సామగ్రి దొరికినది. 2008 డిసెంబరు 31వ తేదీన మైక్రోసాఫ్టు కంపెనీవారి జూన్ అను పాటల పెట్టెలలో ముప్పది గిగాబైట్ల రకమువి ఒక్కసారిగా నిలిచిపోయినవి. జూన్ అనగా నెల కాదు, పెట్టె పేరు. 1980 నుండి గడచిన దినములనుండి సంవత్సరమునకు 365 చొప్పున, అధికదినము గల సంవత్సరమునకు 366 చొప్పున తీసివేయుచు ఇప్పుడు ఏ సంవత్సరమో తేల్చు ఆవృత్తి దానిలో నుండెను. దినములు 365 కంటె ఎక్కువగా నున్నంతవరకు అది తిరుగును. 2008 అధికదినము గలది. డిసెంబరు 31 దానికి 366వ దినము. 366 అనునది 365 కంటె ఎక్కువ. కావున ఆవృత్తి లోపలికి రమ్మనెను. లోపల మరియొక పరీక్ష: 366 కంటె ఎక్కువైననే తీసివేయవలెను. ఎక్కువ కాదు, కావున ఏమియు తీయలేదు. మరల వాకిటికి వచ్చెను, మరల రమ్మనెను. గానుగకు కట్టిన ఎద్దు వలె ఆ పెట్టె తిరుగుచునేయుండెను. మరునాడు తేదీ మారిన పిమ్మట మరల ప్రారంభింపగా బాగుపడినది. లూపునకు ఉచ్చు అని అర్థమున్నదని మొదటనే మనవి చేసితిని.

ఎప్పుడు ఆగవలెనన్న ప్రశ్న క్రొత్తది కాదు. 499లో ఆర్యభటుడు రచించిన గ్రంథమున కుట్టకమను పద్ధతి గలదు. పెద్దదానిని చిన్నదానిచే భాగించి, శేషముచే ఆ చిన్నదానిని భాగించి, మరల దాని శేషముచే... ఇట్లు రోకటితో దంచినట్లు అంకెలను చిన్నవి చేయుచు పోవుట. శేషము ప్రతిమారును తగ్గును గనుక ఎప్పుడో ఆగక తప్పదు. అందు భయము లేదు. దీనికంటె ఆశ్చర్యకరమైనది చక్రవాళము. జయదేవుడు చెప్పిన దానిని 1150లో భాస్కరాచార్యుడు తన బీజగణితమున విశదపరచెను. ఒక సంఖ్య వర్గమును 61చే గుణించి ఒకటి కలిపినచో మరియొక సంఖ్య వర్గము కావలెను, ఆ సంఖ్యలేవి? భాస్కరుడు చక్రమును త్రిప్పి త్రిప్పి, కలుపవలసినది సరిగా ఒకటి యగునంతవరకు పోయి, 22,61,53,980 అనియు, 176,63,19,049 అనియు జవాబు తెచ్చెను. 1657లో ఫ్రాన్సు దేశపు ఫెర్మా ఈ ప్రశ్ననే తన దేశపు గణితజ్ఞులకు సవాలుగా పంపినాడు. అది అయిదు శతాబ్దములకు పూర్వమే మనవారికి కరతలామలకము. ఇట్టి లెక్క అన్నివేళల ముగియునను ఋజువు మాత్రము పదునెనిమిదవ శతాబ్దమున లగ్రాంజి చేతులలో వచ్చినది. మన తెలుగున పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పద్యములలోనికి తెచ్చినది పదునొకండవ శతాబ్దమున. ఆవృత్తిని ఒకరికొకరు చెప్పుకొను అలవాటు మనకంత పాతది. యంత్రమునకు చెప్పుట మాత్రము పరాయివారివద్ద మొదలైనది.

ఇంగ్లండున చార్లెస్ బాబేజి యను నతడు లెక్కలుచేయు ఒక మహాయంత్రమును ఊహించి, కట్టలేకపోయెను. దానికి ఆజ్ఞలు నేతమగ్గములలో వాడు రంధ్రముల అట్టలపై ఇయ్యవలెనని ఆయన సంకల్పము. 1843లో అడా లవ్‌లేస్ అను దొరసాని ఆ యంత్రమును గూర్చి వ్రాసిన వివరణలలో, ఒకే అట్టల వరుసను మరల మరల వాడుకొను ఉపాయమును చెప్పి, దానికి చక్రమను అర్థము వచ్చు పేరే పెట్టినది. చక్రములోపల చక్రము వచ్చు సందర్భమును సైతము ఊహించినది. యంత్రమే లేని కాలమున!

యంత్రములు నిజముగా వచ్చిన తరువాత, ప్రారంభమున ఆవృత్తికి ప్రత్యేకమైన వాక్యము లేదు. "నలువదవ వరుస ముగిసినచో పండ్రెండవ వరుసకు పొమ్ము" అని మాత్రము వ్రాసెడివారు. దీనిని గోటూ అందురు. 1957లో ఐబీఎం కంపెనీయందు జాన్ బాకస్ బృందమువారు ఫోర్ట్రానును వెలువరించునప్పుడు, ఒకటి మొదలు ఇన్నింటివరకు అని లెక్కతోకూడ చెప్పు డూ అను వాక్యమును చేర్చిరి. 1960లో ఆల్గోల్ అను భాషలో లెక్కతోడి ఆవృత్తికిని, "ఉన్నంతవరకు" అను ఆవృత్తికిని చోటు కలిగినది. 1970లో నిక్లాస్ వీర్తు చేసిన పాస్కల్ భాషలో మూడు విధములును మూడు వేర్వేరు మాటలుగా వెలసినవి: లెక్కకు ఫర్, వాకిటి నాకాకు వైల్, వెలుపలి నాకాకు రిపీట్. మన రాజధానిలో 1967లో నెలకొన్న ఈసీఐఎల్ సంస్థవారు దేశీయముగా కంప్యూటరులు కట్టుచున్న దినములవి.

ఈ నడుమ ఒక కలహము జరిగినది. 1966లో బోమ్, జాకోపీని అను ఇటలీ దేశపు పండితులు, వరుసగా చేయుట, రెంటిలో ఒకదానిని ఎన్నుకొనుట, మరల చేయుట – ఈ మూడింటితో ఎట్టి లెక్కనైనను వ్రాయవచ్చుననియు, గోటూ అక్కరయే లేదనియు నిరూపించిరి. 1968 మార్చిలో డచ్చి దేశస్థుడగు డైక్‌స్ట్రా, కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం అను పత్రికకు ఒక లేఖ వ్రాసి, గోటూ హానికరమని చాటెను. ఆ పరుషమైన శీర్షిక ఆయన పెట్టినది కాదు. అప్పుడు సంపాదకుడుగా నున్న వీర్తు పెట్టినది. డైక్‌స్ట్రా వాదము మనవంటివారికి సులభముగా తెలియునదే. మనుష్యుని బుద్ధి నిలిచియున్న వస్తువుల సంబంధమును గ్రహించుటలో నేర్పరి. కాలమున కదలుచున్నదానిని ఊహించుటలో దుర్బలము. కావున కాగితముపై వ్రాసిన క్రమమును, యంత్రము నడచు క్రమమును వీలైనంత దగ్గరగా నుంచవలెను. గోటూలు నిండిన ప్రోగ్రాము, పుటలు కలగలిపి కుట్టిన తాళపత్ర గ్రంథము వంటిది. అక్షరములన్నియు ఉన్నవి, చదువువాడు మాత్రము దారి తప్పును.

1974లో డానల్డ్ క్నూత్ అను అమెరికా పండితుడు దీర్ఘమైన వ్యాసము వ్రాసి కొంత సమాధానపరచెను. అన్ని గోటూలును పాపములు కావనియు, కొన్ని ఆవృత్తులలో నాకా మొదటగాని తుదిని గాని కాక మధ్యనే యుండవలసివచ్చుననియు ఆయన చూపెను. ఒక అట్టను చదువుము, అట్టలు ముగిసినవా? ముగిసినచో వెలికి పొమ్ము. లేనిచో లెక్కించి, మరల చదువుము. ఇట్టిదానిని వాకిటి నాకాగా మార్చవలెనన్న మూర్ఖపు పట్టుతో చదువు ఆజ్ఞను రెండుచోట్ల వ్రాయువారు గలరు. రేపు ఒకచోట దిద్ది, రెండవచోట మరచుదురు. నా మట్టుకు నాకు క్నూత్ మాటయే సమ్మతము. నియమము చదువువాని మేలుకొరకు గాని, చదువువాడు నియమము కొరకు గాదు.

ఇక నా బాకీ సంగతి. అక్షయ సంవత్సరపు తప్పు తెలిసిన తరువాత నేను ప్రోగ్రామును తిరుగవ్రాయలేదు. రాత్రివేళ దొరకు సమయము స్వల్పము. అట్టలు పొడిపించుటకు రుసుము. చినిగిన పంచెకు మాసికవేసినట్లు, సున్న వచ్చినచో శకవర్షమును మరల చూచి అరువదిగా మార్చు ఒక గోటూను నలువదవ వరుసనుండి పండ్రెండవ వరుసకు అతికించితిని. అక్షయలు బయటపడినవి. సరిపోయినదని తృప్తిపడి, పట్టికను పుస్తకముగా వేయించితిని. చెరిగిపోయిన శాసనముల కుప్ప మాత్రము ఇంకను కొంచెము పెద్దదిగానే కనబడెను. అక్షయలు పోగా మిగిలినవి నిజముగా చెరిగినవేయని తలచి ఊరకుంటిని.

పది సంవత్సరముల తరువాత ఒక పరిశోధక విద్యార్థి నా పుస్తకమును చేతబట్టుకొని, చెరిగిన శాసనములనైనను మరల చదువ ప్రయత్నింతునని బయలుదేరెను. ఒక గ్రామమునకు బస్సు దిగి నాలుగు మైళ్ళు నడచిపోయెను. అచ్చటి పెద్దలు గుడి చూపిరి, చెరువుకట్ట చూపిరి, కోటగోడ శిథిలము చూపిరి. "మా యూర శాసనము లేదు నాయనా, మా తాతలనాడును లేదు" అని చెప్పిరి. అతడు తిరిగివచ్చి నాతో చెప్పగా, నేను పుస్తకమును నమ్మితిని, మనుష్యులను నమ్మలేదు. రెండవ ముద్రణపు పీఠికలో, ఆ యూరి పేరు పెట్టి, "గ్రామస్థుల అశ్రద్ధవలన శాసనము నశించినది, బహుశః ఏ గోడలోనో రాయిగా చేరియుండును" అని వ్రాసితిని. ఆ మాట ముప్పదియేండ్లకు పైగా గ్రంథాలయములలో నున్నది.

ఇటీవల మా ప్రక్క యింటి అమ్మాయి, ఆవరణములోని ఇంజనీరింగు కళాశాలలో చదువుచున్నది, పాత ప్రోగ్రాము నొకదానిని చదివి విమర్శించు పని తనకు ఇచ్చిరని చెప్పి, నా యొద్ద నేమైన నున్నదాయని అడిగినది. నేను ఇనుపపెట్టెలోని పసుపుబారిన అచ్చుకాగితములను గర్వముతో తీసియిచ్చితిని. నాలుగు దినములకు వచ్చి, మొగమాటముతో కూర్చున్నది.

"తాతగారూ, నలువదవ వరుస నుండి పండ్రెండవ వరుసకు ఎందుకు పోవుచున్నారు?"

నేను కాగితమువంక చాలసేపు చూచితిని. నేనే వ్రాసినది, నాకే తెలియలేదు. అరగంటకు గాని అక్షయ సంగతి జ్ఞప్తికి రాలేదు.

"సరే తాతగారూ. శాసనములే లేని యూరికి ఈ డూ ఆవృత్తి ఎన్ని మారులు తిరుగును?"

"ఒక్క మారును తిరుగదు. ఒకటి మొదలు సున్నవరకు అన్నచో తిరుగుటకేమున్నది?"

"ఇప్పటి ఫోర్ట్రానులో తిరుగదు. మీరు వ్రాసిననాటి దానిలో తిరిగెడిదట. నేను చదివి చూచితిని."

ఆ మాట నిజము. 1966 నాటి ఫోర్ట్రాను ప్రమాణమున, తుది సంఖ్య మొదటి సంఖ్యకంటె తక్కువగా నుండరాదని మాత్రమే చెప్పిరి; ఉన్నచో ఏమి చేయవలెనో చెప్పలేదు. ఆనాటి యంత్రములలో పెక్కింట నాకా తుదిని నుండెను. కావున ఆవృత్తి యెట్లయినను ఒక్క మారు తిరిగెడిది. 1978లో ఆమోదము పొందిన ఫోర్ట్రాను 77లో గాని నాకాను వాకిటికి మార్చలేదు. నేను తాలూకాలోని ప్రతి గ్రామమునకు ఒక అట్ట పొడిపించితిని. శాసనములు లేని గ్రామములకును. ఆ అట్టలపై సంఖ్య సున్న, తక్కినచోటంతయు ఖాళీ. ఖాళీని ఫోర్ట్రాను సున్నగా చదువును. ఆవృత్తి ఒక్క మారు తిరిగి, సున్నను ఎత్తుకొని, సున్నను చెరిగినవాని కుప్పలో వేయుమన్న నా యాజ్ఞను పాటించినది. శాసనమే లేని ఊరికి చెరిగిపోయిన శాసనమొకటి పుట్టినది! ఖాళీ గాదెనుండి కొలిచిన కుంచమన్న మాట ఇదియే. మొదటి తప్పును దిద్దునప్పుడు ఆ కుప్పను ఒక్క మారు విప్పి చూచియున్నచో రెండవది అప్పుడే దొరకియుండెడిది. కాని ఆ గోటూల చిక్కులో లోపల ఏమి జరుగుచున్నదో చూచు ఓపిక నాకు లేకపోయినది.

ఆ అమ్మాయి ప్రోగ్రామును తిరుగవ్రాసినది. పైథాన్ అను ఇప్పటి భాషలో "ప్రతి గ్రామమునకు", దానిలోపల "ప్రతి శాసనమునకు" అను రెండే ఆవృత్తులు. ఎన్నవది అను అంకెయే అందు లేదు. జాబితాలో నున్నవానిని ఒక్కొక్కటిగా చేతికిచ్చును, లేనిచో ఇయ్యదు. చెరిగినదానికి సున్న గాక, చెరిగినదని మాటతోనే గుర్తు పెట్టినది. అరువదులు తీసివేయు నా ఆవృత్తిని పూర్తిగా కొట్టివేసి, శకవర్షమునకు 11 కలిపి, అరువదిచే భాగించి, శేషమునకు ఒకటి కలుపుమని ఒక్క పంక్తి వ్రాసినది. 1188కి 11 కలుపగా 1199, శేషము 59, ఒకటి కలుపగా అరువది, అక్షయ. అక్కరలేని ఆవృత్తిని వ్రాయకుండుటయే మేలని ఆమె వాదము. తీసివేయుచు పోవుటయే పంచాంగము చూచు వానికి బోధపడునని నేనంటిని. ఆ వాదము ఇంకను తెగలేదు. ఆమె పదునొకటి ఎందుకు కలిపినదో తెలుపు ఒక వాక్యమును ఆ పంక్తిపైన తెలుగున వ్రాయుటకు మాత్రము ఒప్పుకొన్నది.

క్రొత్త పట్టికలో చెరిగిన శాసనముల కుప్ప చాల తగ్గినది. మాయమైన గ్రామముల పేర్లలో, "మా తాతలనాడును లేదు" అని చెప్పిన ఆ గ్రామపు పేరును ఉన్నది. ఆనాడు నాలుగు మైళ్ళు నడచిన విద్యార్థి ఇప్పుడు విశ్రాంతి తీసికొనుచున్న ఉపాధ్యాయుడు. ఫోను చేసి చెప్పితిని. చాలసేపు మాటలాడలేదు, తరువాత, ఆ ఊరివారు ఆనాడు తనకు మజ్జిగ యిచ్చిన సంగతి చెప్పెను. విశ్వవిద్యాలయ గ్రంథాలయమున నా పుస్తకపు ప్రతిలో ఆ పీఠికపుట యెదుట సవరణచీటి నొకదానిని అతికించుటకు అనుమతి పొందితిని. గ్రామపంచాయతీకి ఒక ఉత్తరమును వ్రాసి, పీఠికలోని మాటను ఉపసంహరించుకొన్నట్లును, క్షమింపవలసినదిగాను కోరితిని. ఊరి పేరు ఇచ్చట చెప్పను; ఒకసారి పేరు పెట్టి నిందించినది చాలును. ఈ ప్రసంగము వినుచున్నచో వారికి తెలియును.